ఐదూళ్ల దగ్గరే ఆగిన రాయబారం

మధ్యవర్తిత్వం మీద సదస్సు పెట్టారంటే వేదిక మీదికి శ్రీకృష్ణుడు వచ్చి తీరాలి. జ్యోతి వెలిగించడం, శాలువాలు కప్పడం, ఆపైన రాయబారం. "మన సంస్కృతిలో మధ్యవర్తిత్వం మహాభారత కాలం నుంచే ఉంది" అన్న వాక్యం పడగానే వెనక వరసలోని జూనియర్ లాయర్లు ఫోన్లు బయటికి తీస్తారు. 2021 జులైలో భారత్–సింగపూర్ మధ్యవర్తిత్వ సదస్సులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారూ ఆ కథే చెప్పారు. ఆయన మాత్రం రెండో సగం దాచలేదు. ఆ ప్రయత్నం బెడిసికొట్టి ఎంత వినాశనమైందో కూడా చెప్పారు. మిగతా వక్తలు ఆ సగానికి వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది.

నిజానికి కృష్ణుడు ఇవాళ విశాఖ జిల్లా కోర్టు మధ్యవర్తిత్వ కేంద్రంలో ప్యానెల్‌కి దరఖాస్తు పెట్టుకుంటే మొదటి వడపోతలోనే పోతాడు. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం పదో సెక్షన్ ప్రకారం, కక్షిదారులతో తనకు ఏ చుట్టరికం, ఏ లావాదేవీ ఉన్నా మధ్యవర్తి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. కృష్ణుడు ఏమని రాస్తాడు? ఒక పక్షంలో అర్జునుడు స్వయానా చెల్లెలి మొగుడు. రెండో పక్షంలో దుర్యోధనుడు వియ్యంకుడు, సాంబుడికి పిల్లనిచ్చినవాడు. సైన్యాన్ని ఒకరికిచ్చి, తాను రెండోవాళ్లకి సారథిగా ఒప్పుకున్నాకే రాయబారానికి బయల్దేరాడు. హస్తినలో దుర్యోధనుడి విందు కాదని విదురుడింట దిగాడు. గోప్యత పాటించాలన్న సెక్షన్ ఒకటుంది, ఆయన నిండు సభలో విశ్వరూపమే చూపించాడు. నలభై గంటల శిక్షణ సర్టిఫికెట్ అడిగితే గీత చూపిస్తాడేమో. అది రాయబారం చెడ్డాక చెప్పింది కాబట్టి చెల్లదు.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు చూసి పెరిగిన ఉత్తరాంధ్ర జనానికి ఇదంతా కొత్త కాదు. రాయబారం సీనుకి వన్స్‌మోర్ కొడతారు, సంధి కుదరాలని మాత్రం కోరుకోరు. కుదిరితే రాత్రి రెండింటికే నాటకం అయిపోతుంది, తెల్లారేదాకా ఏం చూస్తారు?

సరే, కృష్ణుడు చివరికి దిగొచ్చి అడిగింది ఎంత? ఐదూళ్లు. అక్కడే ఆగిపోయింది.

మా విశాఖలోనూ ఐదూళ్లున్నాయి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. పంచగ్రామాలు అంటారు. భూమి సింహాచలం దేవస్థానానిదా, అందులో ఇళ్లు కట్టుకుని బతుకుతున్నవాళ్లదా అన్నది తగువు. 1990లలో రైత్వారీ పట్టా దేవస్థానం పేర పడినప్పటి నుంచి నడుస్తోంది. పన్నెండు వేలకు పైగా ఇళ్లు. పైకప్పు కారుతుంటే రేకు మార్చుకోవడానికీ భయపడే ఇళ్లు, బ్యాంకు లోను పుట్టని ఇళ్లు, కూతురి పెళ్లికి అమ్ముకుందామంటే కొనేవాడు రాని ఇళ్లు. జీవోలొచ్చాయి, కమిటీలొచ్చాయి, శాసనసభలో బిల్లులూ వచ్చాయి. వచ్చినదల్లా కోర్టు గుమ్మం దగ్గర ఆగింది. ఆక్రమణలో ఉన్న భూమికి బదులుగా దేవస్థానానికి మరోచోట భూమి ఇద్దామన్న ప్రతిపాదన మళ్లీ కదిలింది. ప్రతి ఎన్నికల్లోనూ ఇది "వంద రోజుల్లో" తేలుతుంది. ఎన్నికల తర్వాతి క్యాలెండర్‌లో ఆ వంద రోజులు ఎందుకో అచ్చుకావు.

ఈ వ్యాజ్యంలో ఒక కక్షిదారు సాక్షాత్తు సింహాద్రి అప్పన్న. స్వామి ఏడాది పొడవునా చందనంలో ఉండి, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజు నిజరూప దర్శనమిస్తాడు. మిగతా కక్షిదారులు, అంటే శాఖలూ పార్టీలూ, ఆ ఒక్కరోజూ ఇవ్వరు.

మరి ఇంత పెద్ద తగువుని మధ్యవర్తిత్వానికి పంపొచ్చుగా అని అమాయకంగా అడిగేవాళ్లు చట్టం రెండో సెక్షన్ ఒకసారి చదవాలి. ప్రభుత్వం ఒక పక్షంగా ఉంటే ఈ చట్టం వర్తించేది వాణిజ్య వివాదాలకే. మిగతావాటికి ప్రభుత్వం దయతలచి నోటిఫై చేయాలి. ఇక మొదటి షెడ్యూల్‌లో మధ్యవర్తిత్వానికి పనికిరాని తగువుల జాబితా ఒకటుంది. భూసేకరణ, దాని నష్టపరిహారం అందులో భద్రంగా ఉన్నాయి. అంటే ఉక్కు ఫ్యాక్టరీకి డెబ్బైలలో భూములిచ్చి, పునరావాసపు ఆర్ కార్డు పట్టుకుని, దాని మీద ఉద్యోగం తాతకి రాక, తండ్రికి రాక, ఆ కార్డే మనవడి చేతికొచ్చిన నిర్వాసిత కుటుంబం తన పరిహారం తగువుతో ఈ తలుపు తట్టడానికి లేదు. పక్కింటాయన కొబ్బరిమట్ట మన గోడ మీద పడిందనుకోండి, రండి రండి, ఏసీ గది, మంచినీళ్లు, ముగ్గురు మధ్యవర్తులు.

పోస్టర్ల సంగతి చెప్పాలి. 2025లో జులై నుంచి తొంభై రోజులు "మీడియేషన్ ఫర్ ది నేషన్" అని దేశమంతా ప్రత్యేక ఉద్యమం నడిపారు. కోర్టు ఆవరణలో "రాజీ మార్గమే రాజమార్గం" అన్న బోర్డు అంతకుముందు నుంచే ఉంది. ఉద్దేశం మంచిదే, వెక్కిరించను. దేశంలో ఐదు కోట్లకు పైగా కేసులు పడున్నప్పుడు ఎవరో ఒకరు తగ్గాలి. నాకొచ్చిన సందేహమల్లా, ఆ బోర్డు ఎవరికి కనబడేలా పెట్టారని. చెక్కు బౌన్సయిన కిరాణా కొట్టువాడికి కనబడుతుంది. లారీ గుద్ది కాలు పోయిన కూలీకి కనబడుతుంది. కాపురం చెడి పుట్టింటికి చేరిన పిల్లకి కనబడుతుంది. వీళ్లు రాజీ పడతారు. పడక చస్తారా? వాయిదాకి వచ్చినప్పుడల్లా ఆ రోజు కూలి పోతుంది. ప్రమాదం కేసులో పది రావాల్సిన చోట ఆరుకి సంతకం పెట్టి, లోక్ అదాలత్‌లో అందరితో కలిసి ఫొటోకి నిలబడతారు. లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదని 1987 నాటి చట్టమే చెప్పింది. బీమా కంపెనీ ఆఫీసరు నవ్వు కూడా ఫొటోలో బాగా పడుతుంది.

దేశంలో అందరికంటే ఎక్కువ కేసులున్న కక్షిదారుకి మాత్రం ఆ బోర్డు కనబడదు. ఆ కక్షిదారు కోర్టుకి రాడు, ఫైలు పంపిస్తాడు.

ప్రభుత్వ సంస్థ ఆఫీసరు రాజీకి ఎందుకు రాడో ఆయన కుర్చీలో కూర్చుని ఆలోచించండి. కాంట్రాక్టరు కోటి అడుగుతున్నాడు. అరవై లక్షలకి తెగుతుందని మధ్యవర్తి చెప్పాడు. లెక్క చూస్తే లాభమే. కానీ సంతకం ఎవరిది? పెట్టిన మర్నాటి నుంచి ఆడిట్ వాళ్ల ప్రశ్నలు: అరవై ఎందుకు, యాభై తొమ్మిది ఎందుకు కాదు? తర్వాత విజిలెన్స్: ఆ కాంట్రాక్టరు మీ మావగారి ఊరివాడటగా? రిటైరయ్యాక పింఛను కాగితాలతో పాటు చార్జిషీటు. అదే సంతకం పెట్టకుండా కేసు నడిపితే? జిల్లా కోర్టులో ఓడితే హైకోర్టు, అక్కడ ఓడితే ఢిల్లీ. వడ్డీతో కలిపి మూడు కోట్లు కట్టమని తీర్పొస్తుంది. "కోర్టు ఉత్తర్వుల మేరకు" అని మూడు మాటలు రాసి కట్టేస్తారు, ఎవడూ అడగడు. అప్పటికి ఈయన బదిలీ మీద వెళ్లి, ప్రమోషన్ వచ్చి, పూలదండలతో రిటైరై ఎంవీపీ కాలనీలో మనవణ్ణి స్కూలు బస్సెక్కిస్తూ ఉంటాడు. ఓడిపోవడంలో ఉన్న భద్రత రాజీలో లేదు. ఈ ఒక్క ముక్కా సదస్సులో ఎవరూ చెప్పరు. వేదిక మీద కూర్చున్నవాళ్లలో సగం మందికి సంతకం పెట్టే అధికారం ఉంటుంది మరి.

కోర్టు వద్దు, ఆర్బిట్రేషన్ పెట్టుకుందాం అన్నవాళ్ల సంగతీ చూద్దాం. ఆర్బిట్రేటర్ అంటే మధ్యవర్తి కాదు, మనం ఫీజిచ్చి తెచ్చుకునే జడ్జి. మన విశాఖ ఉక్కు సంస్థ రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌కీ ఒక కాంట్రాక్టరుకీ 1998 నాటి ఒప్పందం. ఉక్కు సరుకు దించే, ఎత్తే పని. సర్వీస్ ట్యాక్స్ అప్పటికి కొత్తగా వచ్చింది, అది ఎవరు కట్టాలన్నది తగువు. పన్నులన్నీ కాంట్రాక్టరువే అని ఒప్పందంలో రాసుందిగా అన్నారు వీళ్లు. ఆ మాటలో ఈ పన్ను రాదన్నారు వాళ్లు. ఆర్బిట్రేటర్ 2006లో ఉక్కు సంస్థే సరి అన్నాడు. హైకోర్టు కాదంది. 2012లో సుప్రీంకోర్టు, ఆర్బిట్రేటర్ చెప్పిందే బాగుంది, దాన్ని కదిలించకండి అంది. ఒప్పందంలో ఒక్క వాక్యానికి అర్థం తేలడానికి పద్నాలుగేళ్లు. ఒప్పందం నాడు పుట్టిన పిల్లవాడు తొమ్మిదో తరగతిలో బిజినెస్ లెటర్ రాయడం నేర్చుకుని ఉంటాడు. న్యాయశాస్త్ర విద్యార్థులు మాత్రం ఆ తీర్పుని భక్తిగా చదువుతారు, కోర్టులు ఆర్బిట్రేషన్‌లో వేలు పెట్టకూడదు అనడానికి మంచి ఉదాహరణట. వేలు పెట్టకూడదని తేల్చడానికి మూడు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

ఇలాంటివి దేశమంతటా చూసి చూసి కేంద్ర ఆర్థిక శాఖకి విసుగు పుట్టింది. 2024 జూన్ 3న ఒక మెమో ఇచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజు అలవాటు కొద్దీ పెట్టొద్దు, పది కోట్ల లోపు తగువులకే పరిమితం చేయండి, పెద్దవాటికి మధ్యవర్తిత్వం ప్రయత్నించండి, కుదరకపోతే కోర్టులున్నాయి అని. ఒకసారి ఊపిరి పీల్చుకుని మళ్లీ చదవండి. జనానికి కోర్టుకెళ్లకండి అని పోస్టరు, సర్కారువాళ్లకి కోర్టుకెళ్లండి అని మెమో. ఆ పోస్టరూ ఈ మెమో రెండూ ఒకే దేశంలోవి. అదే మెమోలో ఆఫీసర్లు ధైర్యంగా రాజీ పడేందుకు పెద్దవాళ్లతో ఉన్నతస్థాయి కమిటీ వేసుకోవచ్చని కూడా ఉంది. ఒకడు పెట్టడానికి భయపడే సంతకానికి ముగ్గురు కలిసి భయపడొచ్చన్నమాట.

పోర్టులో, ఉక్కులో సమ్మె నోటీసు పడినప్పుడల్లా జరిగే రాజీ చర్చలు ఇంకో ముచ్చట. రీజినల్ లేబర్ కమిషనర్ ఆఫీసు. యూనియన్ల వైపు పదకొండు మంది, అందరూ నాయకులే. యాజమాన్యం వైపు ఒక్కడు, ఆయన చేతిలో ఏమీ లేదు. "ఢిల్లీని అడిగి చెబుతాం" అంటాడు. టీ వస్తుంది. వాయిదా పడుతుంది. 1966లో ఉక్కు కోసం ఇదే ఢిల్లీని అడగడానికి అమృతరావు గారు నిరాహార దీక్షే చేయాల్సి వచ్చింది, ఆ ఉద్యమంలో ముప్పై మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటికంటే ఇప్పుడు టీ బాగుంటుందని చెప్పొచ్చు.

ఇహ సముద్రం ఒడ్డుకి వెళ్దాం, చట్టంలోని "సామాజిక మధ్యవర్తిత్వం" అధ్యాయానికి మా ఊరిని మించిన ప్రయోగశాల లేదు. 2022 జనవరిలో రింగు వలల మీద పెద జాలారిపేట వాళ్లకీ, వాసవానిపాలెం వైపు వాళ్లకీ సముద్రంలో మొదలైన గొడవ ఒడ్డుకొచ్చింది. పడవలు తగలబడ్డాయి, 144 సెక్షన్ పెట్టారు, మంత్రులొచ్చి చర్చలు జరిపారు. నిబంధన స్పష్టంగానే ఉంది, రింగు వల తీరానికి ఎనిమిది కిలోమీటర్ల అవతలే వేయాలి. ఎనిమిది కిలోమీటర్లు ఏసీ గదిలో మ్యాపు మీద బాగా కనబడుతుంది. సముద్రం మీద ఏం కనబడుతుంది? "ఆ గీతేటో సేపకి తెల్దు గదేటి బావూ, అది ఇటొచ్చినాక మావెటెల్లాల?" అని జాలరి పెద్ద ఎవరైనా అడిగితే జవాబు చెప్పే సెక్షన్ నాకు దొరకలేదు.

కొత్త చట్టం 43, 44 సెక్షన్లు ఇలాంటి తగువులకేనట. ఒక ప్రాంతంలో శాంతి సామరస్యాలు చెడేలా ఉంటే, ఇరుపక్షాలూ ముందు ఒప్పుకుని, జిల్లా న్యాయసేవాధికార సంస్థకో, కలెక్టరుకో అర్జీ పెట్టుకోవాలి. పడవలు తగలబెట్టుకునే ఊపులో ఉన్నవాళ్లు ముందు ఒకే కాగితం మీద ఏకాభిప్రాయానికి రావాలన్నమాట. వచ్చారే అనుకుందాం. ముగ్గురు మధ్యవర్తులు కూర్చుంటారు, కుదురుస్తారు, సంతకాలవుతాయి. అప్పుడు చట్టం నెమ్మదిగా చెవిలో చెబుతుంది: ఈ ఒప్పందం శాంతి కోసమే తప్ప, కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవడానికి కాదు. కంపెనీలు రెండు కుదుర్చుకున్న ఒప్పందానికి డిక్రీ విలువ ఉంది. రెండు పేటలు కుదుర్చుకున్నదానికి లేదు. మాట తప్పితే ఏం చేయాలి? మళ్లీ శాంతి చెడాలి, మళ్లీ అర్జీ పెట్టాలి.

ఇదే ఊళ్లో ఇంకో తరహా మధ్యవర్తులు ఎప్పటి నుంచో ఉన్నారు. వాళ్లకి శిక్షణ సర్టిఫికెట్ లేదు, ఫీజు మాత్రం ఉంది. ఆఫీసు బయట నల్ల కార్లు, లోపల సోఫా, గోడకి నాయకుడి ఫొటో. మధురవాడ ప్లాటైనా, భీమిలి తోటైనా మధ్యాహ్నం వెళ్తే సాయంత్రానికి తేలుతుంది. అమలు గురించి బెంగే లేదు, ఫెన్సింగు రాళ్లు రాత్రికి రాత్రే మారతాయి. వీళ్ల సేవలు ఎంత విస్తరించాయంటే విశాఖ భూముల మీద 2017లో ఒక సిట్, ప్రభుత్వం మారాక 2019లో ఇంకో సిట్ వేయాల్సి వచ్చింది. రెండు సిట్‌లూ కష్టపడి నివేదికలు రాశాయి. ఆ నివేదికలకి గోప్యత సెక్షన్ మహా చక్కగా వర్తించింది.

ఇంట్లో పెద్దల మధ్యవర్తిత్వం గొప్పదంటారు. మన హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకెళ్లిన ఒక కాపురం కేసుంది. 1999లో పెళ్లి. రెండు రోజులు తిరక్కుండా మిగిలిన కట్నం గురించి ఇరువైపుల పెద్దలు గొడవపడ్డారు, పెళ్లికూతురూ పెళ్లికొడుకూ విడిపోయారు. ఆ ఇద్దరూ కలిసి బతికింది గంటల్లో లెక్క, కోర్టుల్లో తిరిగింది పద్నాలుగేళ్లు. 2013లో విడాకులిచ్చిన సుప్రీంకోర్టు, కాపురం తగాదాల్ని మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపండని కింది కోర్టులకి గట్టిగా చెప్పింది. మంచి మాట, ఆ మాట పుణ్యాన నిలబడ్డ కాపురాలూ, మర్యాదగా విడిపోయిన కాపురాలూ ఉన్నాయి. ఫ్యామిలీ కోర్టు వరండాలో కౌన్సెలర్లు చేసే పని నిజంగా పనే. అక్కడ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటారు, ఇద్దరికీ సంతకం పెట్టే అధికారం ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

తగువులు తీర్చే కేంద్రానికే తగువు పుట్టిన చోటూ ఉంది. హైదరాబాదులో 2021 డిసెంబరులో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మధ్యవర్తిత్వ కేంద్రం ఘనంగా మొదలైంది. దానికి రాయదుర్గంలో ప్రభుత్వం ఇచ్చిన భూమి మీద హైకోర్టులో వ్యాజ్యం పడి, 2025లో ఆ కేటాయింపు రద్దయింది. మా విశాఖవాళ్లు ఇది విని, అదేదో మాకిస్తే ఇంకాస్త పద్ధతిగా పోగొట్టుకునేవాళ్లం కదా అని నొచ్చుకున్నారు.

ఇదంతా చూశాక నాదొక చిన్న సూచన. "రాజీ మార్గమే రాజమార్గం" బోర్డుని కోర్టు గోడ నుంచి తీయండి. పోర్టులో, ఉక్కులో, దేవాదాయ శాఖలో, కలెక్టరేట్‌లో లా ఆఫీసరు కుర్చీకి ఎదురుగా, ఆయన తలెత్తితే కనబడేలా బిగించండి. కింద చిన్నక్షరాలతో "అరవైకి సంతకం పెట్టినందుకు విజిలెన్స్ అడగదు" అని ఇంకో వాక్యం రాయించి, దాని కింద విజిలెన్స్ వాళ్ల సంతకం తీసుకోండి. ఈ సూచన ఒక పెద్ద ఆఫీసరుకి చెబితే ఆయన చాలా సంతోషించాడు. వెంటనే ఫైలు తెరుస్తానన్నాడు. బోర్డులకి టెండరు పిలవాలట, మూడు కొటేషన్లు కావాలట, ఆలస్యమైతే జరిమానా ఎంతో రాసుకోవాలట. ఎలాగూ పది కోట్ల లోపు పనే కాబట్టి, ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు పెట్టుకోవచ్చట.